పేపర్ ఫైళ్ల నుంచి వైస్ ఛాన్సలర్ దాకా: జర్నలిజం పరిశోధన దారి

[దృశ్యం: చెన్నై, ఎగ్మోర్. కన్నెమరా లైబ్రరీ మెట్లు.]

నమస్కారం! చెన్నైలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లల ఇళ్లలో తరచూ వినిపించే మాట: "జర్నలిజంలో పీహెచ్‌డీ ఏంటి? చేసి ఏం అవుతావు?" ప్రొఫెసర్ కావచ్చు, డీన్ కావచ్చు. ఆ పైకి కూడా వెళ్లొచ్చు. 2009లో తిరువారూరులో ఏర్పడిన తమిళనాడు కేంద్రీయ విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ బి.పి. సంజయ్ గారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ పాఠాలు చెప్పిన ఆచార్యులాయన.

మొదటి గడప నెట్, అంటే కాలేజీ పాఠాలు చెప్పడానికీ, పరిశోధనకీ అర్హత తేల్చే జాతీయ పరీక్ష. రెండు పేపర్లు, 300 మార్కులు. అందులో మంచి ర్యాంకుతో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. ఇంట్లో డబ్బు టెన్షన్ సగం తగ్గుతుంది. అసలు పని ఆ తర్వాతే.

[దృశ్యం: బల్ల మీద పాత పేపర్ల బైండు, స్కేలు, గళ్లు గీసిన కాగితం.]

పంట నష్టం వార్తల్లో ఎవరి గొంతు వినిపిస్తోంది? ఇదే మీ ప్రశ్న అనుకుందాం. నెల రోజుల పేపర్లు ముందేసుకుంటారు. ప్రతి వార్తకీ ఏ పేజీలో వచ్చింది, కాలమ్ పొడవు ఎన్ని సెంటీమీటర్లు, మొదట ఎవరి మాట రాశారు, అన్నీ కోడింగ్ షీట్‌లో, అంటే ఒక్కో వివరానికి ఒక్కో గడి ఉన్న కాగితంలో, ఎక్కిస్తారు. అక్కడే చిక్కొస్తుంది. రైతు సంఘం నాయకుణ్ణి రైతుగా లెక్కపెట్టాలా, రాజకీయ నాయకుడిగానా? అవే వార్తలు ఇంకొకరి చేత కూడా కోడ్ చేయిస్తారు. ఇద్దరి లెక్కలూ బాగా తేడా వస్తే నిర్వచనం మళ్లీ రాయాలి, మళ్లీ మొదటి పేపర్ నుంచి రావాలి. విసుగే. కానీ నా దృష్టిలో పరిశోధకుడు తయారయ్యేది అక్కడే.

తెలుగువాళ్లకి చెన్నై ఇచ్చే వరం ఇంకోటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా వెలువడింది ఈ ఊళ్లోనే. 1938లో ఆంధ్రప్రభ పుట్టిందీ ఇక్కడే. మన పత్రికల చరిత్రలో పెద్ద భాగం మద్రాసు వీధుల్లో నడిచింది. దాని మీద ఇంకా చేయాల్సిన పని బోలెడుంది. తెలుగు చదవగలిగిన మీరు కాక ఇంకెవరు చేస్తారు?

[దృశ్యం: యూనివర్సిటీ కారిడార్, డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు.]

ఉద్యోగం అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా మొదలై, అసోసియేట్, ప్రొఫెసర్... ఇలా సాగుతుంది. మధ్యలో డిపార్ట్‌మెంట్ హెడ్ బాధ్యత మీద పడుతుంది. సిలబస్ మార్చాలంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌ని, అంటే సిలబస్ ఖరారు చేసే కమిటీని, ఒప్పించాలి. కెమెరాలు కొనాలంటే ఫైలు కదిలించాలి. చాలామంది దీన్ని చదువుకి అడ్డు అనుకుంటారు, నేను ఒప్పుకోను. స్టూడెంట్లు ప్రాక్టీసు కోసం తయారుచేసే ల్యాబ్ పత్రికని టైముకి ప్రింటుకి పంపించిన మాస్టారికి గడువు అంటే ఏంటో, మనుషుల్ని కలుపుకుపోవడం ఎలాగో తెలుస్తుంది.

యూనివర్సిటీలకి నియమాలు పెట్టే యూజీసీ, 2018 నిబంధనల్లో వైస్ ఛాన్సలర్ పదవికి ప్రొఫెసర్‌గా కనీసం 10 ఏళ్ల అనుభవం అడిగారు. సెర్చ్ కమిటీ మూడు నుంచి ఐదు పేర్లు సూచిస్తుంది, వాటిలోంచి ఒకరిని నియమిస్తారు. ఆ కుర్చీలో కూర్చున్నాక సొంత పరిశోధనకి టైము దొరకడం కష్టం. అందుకే మీ మంచి పరిశోధన ముందే చేసేయండి. ఈ సెలవుల్లో ఒక ప్రశ్న, రెండు పత్రికలు, ఒక నెల తీసుకుని కోడింగ్ షీట్ గీయండి. మీరు ఎంచుకున్న ప్రశ్న కామెంట్లో రాస్తే, వచ్చే వీడియోలో దానికి షీట్ ఎలా గీయాలో చూద్దాం.