డాలస్ ఆటల పిచ్చి చూడాలంటే ముందు స్కూలు గ్రౌండుకి వెళ్ళండి

నమస్కారం అండి, అందరూ బాగున్నారా? డాలస్ పక్కనున్న మా ఫ్రిస్కో నుంచి మళ్ళీ వచ్చేశాం. ఈసారి ఇండియన్ స్టోర్ షాపింగూ లేదు, ఇల్లు సర్దడమూ లేదు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా అంతా ఆటలే. తెనాలి నుంచి మా అత్తయ్యగారు కూడా వచ్చి ఉన్నారు కాబట్టి కామెంటరీకి లోటుండదు.

డాలస్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ కౌబాయ్స్ మ్యాచ్ టికెట్ ఎంతుంటుందని ముందే అడుగుతారు. నేను మాత్రం దానికి తొందరేం లేదంటాను. ముందు ఒక శుక్రవారం మీ పిల్లల హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళండి. ఈ ఊరి ఆటల పిచ్చికి వేళ్ళు అక్కడున్నాయి. ఆదివారం ఆర్లింగ్టన్‌లో కౌబాయ్స్ మ్యాచ్‌లో మీరు చూసేది అదే పిచ్చి, కాకపోతే డబ్బు కోట్లలో ఉంటుంది.

ఇంకో తమాషా చెప్పాలి. డాలస్ టీములని మనం అనుకునేవాటిలో చాలావరకు డాలస్‌లో ఆడవు. కౌబాయ్స్ ఆడేది ఆర్లింగ్టన్‌లో, ఆఫీసూ ప్రాక్టీసూ మా ఫ్రిస్కోలో. బేస్‌బాల్ టీమ్ టెక్సస్ రేంజర్స్‌దీ ఆర్లింగ్టనే. సాకర్ టీమ్ ఎఫ్‌సీ డాలస్ ఫ్రిస్కోలో ఆడుతుంది. క్రికెట్ టీమ్ టెక్సస్ సూపర్ కింగ్స్‌ది గ్రాండ్ ప్రెయిరీ. డౌన్‌టౌన్‌ని పట్టుకుని ఉన్నవి బాస్కెట్‌బాల్ మావెరిక్స్, ఐస్ హాకీ స్టార్స్, రెండే. ఆ రెండూ అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌లోనే ఆడతాయి. మన తెలుగువాళ్ళు సర్దుకున్నదీ ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో, ఆలెన్ లాంటి శివారు ఊళ్ళలోనే కదా. అందుకే ఇక్కడ ఆట చూడటానికి మనం ఊళ్ళోకి పోనక్కర్లేదు, ఆటే మన వీధి చివరికి వచ్చింది.

సరే, శుక్రవారం. ఇవాళ మా అమ్మాయి స్కూలు హోమ్‌కమింగ్ మ్యాచ్. పాత విద్యార్థులను కూడా పిలిచి చేసుకునే పండగలాంటి మ్యాచ్ అన్నమాట. పొద్దున్న స్కూలుకి వెళ్ళేటప్పుడే ఆడపిల్లల ఒంటిమీద మమ్‌లు చూడాలి మీరు. మమ్ అంటే చామంతి పువ్వు. ఒకప్పుడు నిజం పువ్వు పెట్టుకునేవారట, ఇప్పుడు గుడ్డతో చేసింది. అరచేతంత పువ్వు, దాని చుట్టూ బొమ్మలు, మువ్వలు, స్కూలు రంగుల్లో రిబ్బన్లు. కొందరికి ఆ రిబ్బన్లు మోకాళ్ళు దాటి వేలాడతాయి. మగపిల్లలు చిన్న సైజుది చేతికి కట్టుకుంటారు. ఇది టెక్సస్ సంప్రదాయం, వేరే రాష్ట్రాల్లో ఉన్న మా చుట్టాలకి ఫోటోలు పంపితే నమ్మలేదు. అత్తయ్యగారైతే ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. "ఒక్క చామంతికి ఇంత హంగామానా? మా ఇంటి పెరట్లో బుట్టెడు పూస్తాయి" అన్నారు.

మ్యాచ్ ఫోర్డ్ సెంటర్‌లో. ద స్టార్ అని కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్ ఉంది కదా, 2016లో తెరిచారు, అందులోనే ఈ ఇండోర్ స్టేడియం. పన్నెండు వేల మంది పడతారు. కోట్లు తీసుకునే ఆటగాళ్ళు ప్రాక్టీస్ చేసే చోటే ఫ్రిస్కో ప్రభుత్వ స్కూళ్ళ పిల్లలూ మ్యాచ్‌లు ఆడతారు. ఊరూ, స్కూలు డిస్ట్రిక్టూ, టీమూ కలిసి చేసుకున్న ఏర్పాటది. ఆలెన్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. ఒక్క హైస్కూల్ కోసం 6 కోట్ల డాలర్లతో 18 వేల సీట్ల స్టేడియం కట్టి 2012లో తెరిచారు. రెండేళ్ళు తిరక్కుండానే కాంక్రీటులో పగుళ్ళు కనిపించి మూసేసి, రిపేర్లు చేసి 2015లో మళ్ళీ తెరిచారు. అంత డబ్బు ఒక స్కూలు గ్రౌండుకా అని అప్పట్లో దేశమంతా ముక్కున వేలేసుకుంది. ఇప్పుడు ఎన్ఎఫ్ఎల్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడుతున్న కైలర్ మర్రే ఆ స్కూల్ పిల్లాడే. అతను క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి జట్టుని నడిపించే ఆటగాడిగా, మొదటి నుంచీ దిగిన 42 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు, వరసగా మూడుసార్లు స్టేట్ ఛాంపియన్లు. ఆలెన్‌లో ఇల్లు చూస్తుంటే రియల్టర్ కిచెన్ చూపించే ముందు ఈ కథ చెప్పినా ఆశ్చర్యపోకండి.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలుంటాయి. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు వస్తాయి, జరగకపోతే బంతి అవతలివాళ్ళకి. చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఇంత తెలిస్తే చాలు, మిగతాది పక్క సీటువాళ్ళు అరిచే అరుపుల్ని బట్టి అర్థమైపోతుంది.

కానీ నిజం చెప్పనా, మన తెలుగు కుటుంబాలు ఈ మ్యాచ్‌లకి వచ్చేది ఆట కోసం కాదు, బ్యాండ్ కోసం. ప్యాడ్లు, హెల్మెట్ వేసుకుని గ్రౌండులోకి దిగే మన పిల్లలు నాకు తక్కువే కనిపిస్తారు. మార్చింగ్ బ్యాండ్‌లో చూడండి మరి. క్లారినెట్ దగ్గర, ఫ్లూట్ దగ్గర, డ్రమ్స్ దగ్గర అన్నీ మన ఇంటి పేర్లే. మా అమ్మాయిది క్లారినెట్. స్కూళ్ళు తెరవకముందే, టెక్సస్ ఎండ మాడ్చేసే రోజుల్లో, పార్కింగ్ లాట్‌లో గీతలు గీసి అడుగులు నేర్పిస్తారు. వాయించడం ఒకటే సరిపోదు, ఎన్నో అడుగుకి ఎక్కడుండాలో కూడా గుర్తుండాలి. హాఫ్ టైమ్‌లో వాళ్ళు గ్రౌండంతా పరుచుకుని ఒక ఆకారంలోంచి ఇంకో ఆకారంలోకి మారుతుంటే, అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న మా వారు కూడా లేచి నిలబడ్డారు. చాలామంది అమ్మానాన్నలు హాఫ్ టైమ్ అవగానే పాప్‌కార్న్ డబ్బా పట్టుకుని వెళ్ళిపోతారు. స్కోరు మర్నాడు పిల్లలే చెప్తారు.

చదువు పోతుందేమోనని భయపడే తల్లిదండ్రులకి ఒక మంచి కబురు. టెక్సస్‌లో 1984 నుంచి నో పాస్, నో ప్లే అనే చట్టం ఉంది. మామూలు సబ్జెక్టుల్లో దేనిలోనైనా 70 కంటే తగ్గితే కనీసం మూడు వారాలు మ్యాచూ లేదు, బ్యాండ్ పోటీ లేదు. స్టార్ క్వార్టర్‌బ్యాక్ అయినా అంతే. ఫుట్‌బాల్‌ని దేవుడిలా చూసే రాష్ట్రంలో ఆ చట్టం వచ్చినప్పుడు కోచ్‌లు ఎంత గొడవ చేసి ఉంటారో ఊహించుకోండి. దాన్ని పట్టుబట్టి తెచ్చినవాళ్ళలో డాలస్ వ్యాపారవేత్త రాస్ పెరో ఒకరు, తర్వాత అధ్యక్ష పదవికి పోటీ చేసింది ఆయనే. ఈ ఒక్క చట్టం కోసం ఆయనకి మన తెలుగు అమ్మలంతా దండ వేయాలి.

శనివారం డౌన్‌టౌన్ వెళ్ళాం. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్ బయట ఇదిగో ఈ తెల్ల విగ్రహం డర్క్ నొవిట్స్కీది. ఒంటికాలి మీద వెనక్కి వాలి బంతి వేస్తున్నట్టు ఉంది కదా, అదే ఆయన గుర్తింపు. జర్మనీ నుంచి వచ్చి 21 సీజన్లు ఒక్క టీమ్‌కే ఆడాడు, 2011లో మయామీని ఓడించి మావెరిక్స్‌కి కప్పు తెచ్చాడు. 2022 క్రిస్మస్ రోజున విగ్రహం పెట్టారు.

ఈ విగ్రహం దగ్గరికే 2025 ఫిబ్రవరిలో జనం పూలు, జెర్సీలు పట్టుకుని వచ్చారు. శవపేటిక కూడా తెచ్చి పెట్టారు! ఎవరూ పోలేదండోయ్. మావెరిక్స్ వాళ్ళు తమ స్టార్ ఆటగాడు లూకా డాన్చిచ్‌ని లాస్ ఏంజెలెస్ లేకర్స్ టీమ్‌కి ఇచ్చేశారని. అతను స్లొవేనియా కుర్రాడు, అప్పటికి పాతికేళ్ళు. అంతకుముందు సీజన్‌లోనే టీమ్‌ని ఫైనల్స్‌కి తీసుకెళ్ళాడు. శనివారం అర్ధరాత్రి ఆ వార్త వచ్చినప్పుడు, రాసిన రిపోర్టర్ అకౌంట్ ఎవరో హ్యాక్ చేశారనే అనుకున్నారు చాలామంది. బదులుగా వచ్చినవాళ్ళలో ఆంథనీ డేవిస్ పెద్ద పేరే, కాదనను. కానీ ఊరు ఒప్పుకోలేదు. ఆ పని చేసిన జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ని తీసేయండి అంటూ ప్రతి మ్యాచ్‌లో నినాదాలు. పక్క టీమైన స్టార్స్ హాకీ మ్యాచ్‌లో కూడా అవే అరుపులు! ఏప్రిల్‌లో లూకా లేకర్స్ జెర్సీలో ఇక్కడికి వచ్చాడు. అతని మీద తీసిన వీడియో వేస్తే బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు, తర్వాత 45 పాయింట్లు కొట్టాడు. డాలస్ జనం సొంత టీమ్ ఓడుతుంటే చప్పట్లు కొట్టారు. ఆ మే నెలలో, కొత్త ఆటగాళ్ళని ముందు ఎవరు ఎంచుకోవాలో తేల్చే లాటరీ కేవలం 1.8 శాతం అవకాశంతో మావెరిక్స్‌కి తగిలి కూపర్ ఫ్లాగ్ అనే కుర్రాడు దొరికాడు. నవంబర్‌లో హారిసన్ ఉద్యోగం పోయింది.

మా వారు ఆఫీసులో అంకెలు చూసే మనిషి. ఆయన ఇప్పటికీ, లూకా ఫిట్‌నెస్ చూస్తే అతన్ని ఇచ్చేయడంలో ఏదో లెక్క ఉందంటారు. నాకు ఆ లెక్క ఎక్కదు. వేరే దేశం నుంచి వచ్చి, ఈ ఊరిని సొంతం చేసుకుని, ఇక్కడే ఉండిపోతాననుకున్న మనిషిని రాత్రికి రాత్రి పంపించేస్తే ఎలా ఉంటుందో వీసా మీద బతికినవాళ్ళకి విడిగా చెప్పాలా?

ఆదివారం ఆర్లింగ్టన్ బయల్దేరాం. మాతో పక్కింటి తాతగారు కూడా వచ్చారు. పుట్టి పెరిగింది ఇర్వింగ్‌లో, డెబ్భై దాటిన టెక్సన్. ఇర్వింగ్ అంటే మనకి అపార్ట్‌మెంట్లు, బిర్యానీ పాయింట్లు. ఆయనకి మాత్రం టెక్సస్ స్టేడియం. 1971 నుంచి 2008 దాకా కౌబాయ్స్ అక్కడే ఆడారు. స్టేడియం పైకప్పు మధ్యలో పెద్ద కంత ఉండేది, దేవుడు తన టీమ్ ఆట చూసుకోవడానికే ఆ కంత అని జోకు. 2010లో దాన్ని పేల్చి కూల్చేశారు. తాతగారు దారి పొడుగునా అప్పటి కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబాక్ గురించే చెప్పారు, 1989లో జెర్రీ జోన్స్ టీమ్ కొనగానే, టీమ్ పుట్టినప్పటి నుంచీ 29 సీజన్లు కోచ్‌గా ఉన్న టామ్ లాండ్రీని తీసేయడం గురించి ఇంకా కోపంగా చెప్పారు. ఆ కోపం తగ్గకుండానే, ఆ తర్వాత గెలిచిన మూడు సూపర్ బౌల్స్ (ఎన్ఎఫ్ఎల్ ఫైనల్స్) గురించి సంతోషంగా కూడా చెప్పారు.

మొత్తం ఐదు సూపర్ బౌల్స్. చివరిది 1996 జనవరిలో. ఆ తర్వాత సూపర్ బౌల్ సంగతి అటుంచండి, దానికి ముందు మెట్టు కూడా ఎక్కలేదు. జోన్స్ 14 కోట్ల డాలర్లకి కొన్న టీమ్‌కి 2024లో ఫోర్బ్స్ వెయ్యి కోట్ల డాలర్లకు పైగా విలువ కట్టింది. ఓడేకొద్దీ ధర పెరిగే సరుకు నేను ఇంకెక్కడా చూడలేదు. ఆటగాళ్ళని ఎంచుకునే జనరల్ మేనేజర్ కూడా ఆయనే, కాబట్టి ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళు ఎవరూ లేరు.

స్టేడియం మాత్రం చూసి తీరాల్సిందే. 2009లో కట్టారు, ఎనభై వేల సీట్లు. గ్రౌండు మీద వేలాడుతున్న ఆ టీవీ తెర వెడల్పు 160 అడుగులు. కింద మనుషులు ఆడుతుంటే జనమంతా పైకి చూస్తుంటారు, మేమూ అంతే. 2026 సాకర్ ప్రపంచ కప్‌లో ఒక సెమీఫైనల్‌తో కలిపి తొమ్మిది మ్యాచ్‌లు దీనికే ఇచ్చారు, ఇంకే స్టేడియానికీ అన్ని రాలేదు. కష్టం ఏమిటంటే స్టేడియం దాకా రైలు లేదు. కారు, పార్కింగ్, ఇంకో అరమైలు నడక. హ్యాండ్‌బ్యాగులు లోపలికి రానివ్వరు, అరచేతంత పర్సు లేదా లోపలిది కనిపించే ప్లాస్టిక్ సంచీ మాత్రమే. అత్తయ్యగారి బ్యాగు, అందులోని జంతికలు కారులోనే ఉండిపోయాయి. ముందే పార్కింగ్ లాట్‌లో గ్రిల్ పెట్టుకుని వండుకుంటున్న పక్క కారువాళ్ళకి తలా నాలుగు పంచిపెట్టారు. ఆవిడ చెయ్యి ఎక్కడికెళ్ళినా ఊరుకోదు.

పక్కనే రేంజర్స్ వాళ్ళ గ్లోబ్ లైఫ్ ఫీల్డ్. పైకప్పు తెరిచి మూసుకునేలా 2020లో కట్టారు. పాతదానికి కప్పు లేక జనం వేసవిలో ఉడికిపోయేవారు. ఈ టీమ్ 2011లో వరల్డ్ సిరీస్‌ని, అంటే బేస్‌బాల్ ఫైనల్‌ని, చేతిదాకా తెచ్చుకుని, ఇంకొక్క బంతి సరిగ్గా పడితే చాలు అన్న ఒక్క స్ట్రైక్ దూరంలో రెండుసార్లు జారవిడుచుకుంది. 2023లో గెలిచేదాకా తాతగారు ఆ రాత్రి ఊసెత్తనిచ్చేవారు కాదట.

తిరుగు దారిలో గ్రాండ్ ప్రెయిరీ. అదుగో, కుడివైపు లైట్లు. పాత బేస్‌బాల్ గ్రౌండుని క్రికెట్‌కి మార్చారు. 2023 జులైలో మేజర్ లీగ్ క్రికెట్ మొదటి మ్యాచ్ ఇక్కడే జరిగింది. 2024 జూన్ 6న టీ20 ప్రపంచ కప్‌లో అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ని ఓడించిందీ ఇక్కడే. ఆ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రావల్కర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. మర్నాడు మన వాట్సాప్ గ్రూపుల్లో తల్లిదండ్రులంతా పిల్లలకి ఇదే చూపించారు: చూశావా, ఉద్యోగం చేసుకుంటూ కూడా ఆడొచ్చు! తాతగారికి ఆ సూపర్ ఓవర్ ఏమిటో మా వారు కారులో వివరించారు. ఆయన అంతా విని, ఇందులో హాఫ్ టైమ్ బ్యాండ్ ఎప్పుడొస్తుంది అని అడిగారు.

కొత్తగా వచ్చి, చిన్నపిల్లలున్నవాళ్ళకి ఇంకో మాట. ఇంత ఖర్చు వద్దనుకుంటే ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ ఆట చూడండి. రేంజర్స్ వాళ్ళ కింది స్థాయి బేస్‌బాల్ టీమ్, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఆడతారు. అవుట్‌ఫీల్డ్ వెనకాల నీళ్ళలో తేలే లేజీ రివర్ ఉంది. పిల్లలు ట్యూబుల మీద తేలుతూ ఆట చూస్తారు, నిజానికి ఆట చూడరు, తేలుతారు. దానికి టికెట్ వేరుగా ఉంటుంది, ముందే కనుక్కుని, స్విమ్ డ్రస్సులు, తువ్వాళ్ళు మర్చిపోకుండా పెట్టుకుని వెళ్ళండి. ఉంటానండీ మరి, అత్తయ్యగారు జంతికల డబ్బా ఖాళీ అయిందని పిండి కలుపుతున్నారు.