ఒప్పుకునే ముందు ఏ సెక్షనో అడగండి

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, వెనక నిలబడి వింటున్న తల్లిదండ్రులకు నమస్కారం. మత్తు ఒంటికి చేసే హాని గురించి డాక్టరు గారు చెప్పారు. నేను ఒక ఆటో డ్రైవరు గురించి చెబుతాను.

అప్పటికి నేను వకీలుగా కోర్టుకు కొత్త. ఆయన కొడుకు పాలిటెక్నిక్ రెండో ఏడాది. జేబులో గంజాయి పొట్లం దొరికింది, గుప్పిట్లో పట్టేంత. "నేరం ఒప్పుకుంటే జరిమానాతో పోతుంది, వాయిదాల బాధ ఉండదు" అన్నాను. అందరం అలాగే చెప్పేవాళ్లం. తండ్రి నోట్ల కట్టకున్న రబ్బరు బ్యాండు తీసి, పదులూ ఇరవైలూ వరండా గట్టు మీద పేర్చి లెక్కపెట్టాడు. రసీదు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకుని నాకు దండం పెట్టాడు.

మూడేళ్లకు అదే రసీదు పట్టుకుని వచ్చాడు. కొడుకు ఉద్యోగం పోలీసు విచారణ దగ్గర ఆగిపోయిందట. "జరిమానా కట్టేశాం కదా సార్, ఇంకా కేసెందుకుంది?" అన్నాడు. జరిమానా కూడా శిక్షేనని ఆ రోజు నేను వాళ్లకు చెప్పలేదు.

చెప్పాల్సింది ఇంకొకటీ ఉంది. ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తు పదార్థాల కేసులు పెట్టే చట్టంలో, 64ఎ అనే సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైన మనిషి మీద ఉన్నది వాడకం కేసో, చిన్న పరిమాణం కేసో అయితే, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, గుర్తింపు ఉన్న కేంద్రంలో గానీ చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్, అంటే కోర్టులో కేసు నడపడం, ఉండదు. గంజాయికి చిన్న పరిమాణం అంటే కిలో వరకు. చికిత్స మధ్యలో మానేస్తే ఈ రక్షణ పోవచ్చు.

కానీ ఈ రక్షణ బానిసకే! స్నేహితులు బలవంతపెడితే ఒక్కసారి పీల్చిన పిల్లవాడు బానిస కాడు కాబట్టి అతనికి ఈ దారి లేదు. ఇది తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది. అతనికి మిగిలింది 1958 నాటి ప్రొబేషన్ చట్టం, అంటే శిక్ష వేయకుండా మంచి నడవడిక షరతు మీద వదిలే చట్టం. ప్రొబేషన్ మీద వదిలితే శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు. అయితే పద్దెనిమిదేళ్లు నిండినవాడికి అది 27వ సెక్షన్, అంటే వాడకం కేసుకే దొరుకుతుంది. దగ్గర ఉంచుకున్నాడని 20వ సెక్షన్ కింద శిక్ష పడితే అదీ లేదు. పొట్లం ఒకటే. కాగితం మీద వేసిన సెక్షన్ నంబరును బట్టి పిల్లవాడి బతుకు మారిపోతోంది.

మొదటిసారి పట్టుబడ్డవాణ్ని, బానిసైనా కాకపోయినా, విచారణకు ముందే కౌన్సెలింగుకు పంపేలా పార్లమెంటు చట్టం మార్చాలి. ఈ మాట నేను ప్రతి సభలో అంటున్నాను, అంటూనే ఉంటాను.

అమ్మా, వెనకనున్నవారు కూడా వినండి. ఒప్పుకోమని ఎవరు చెప్పినా, నాలాంటి వకీలే చెప్పినా సరే, సంతకానికి ముందు "ఏ సెక్షన్? 64ఎ వర్తిస్తుందా? ప్రొబేషన్ అడిగారా?" అని నిలదీయండి. ఉచిత న్యాయ సహాయానికి 15100, మత్తు మాన్పించే సహాయానికి 14446. రాసుకోండి, నేను ఆగుతాను.

పిల్లలు అందరి ముందూ అడగలేరని నాకు తెలుసు. సభ అయ్యాక ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను. పేరు చెప్పక్కర్లేదు.