ఉంటే, ఉంటేనే: లెక్కల క్లాసులో పులి-మేక

[బడి వరండా. నేల మీద సుద్దతో గీసిన పులి-మేక పటం. చుట్టూ ఏడో తరగతి పిల్లలు.]

నమస్కారమండి. కోనసీమలో ఒక ప్రభుత్వ బడిలో నేను లెక్కలు చెబుతాను. ఇది మా వరండా, ఆ అవతల పంటకాలువ. మన తాతలు గుడి మండపంలో బండల మీద చెక్కుకుని మరీ ఆడిన ఆటను పిల్లలకి తర్కం నేర్పడానికి ఎలా వాడుతున్నానో ఈ వీడియోలో చూపిస్తాను.

ముందు చిన్న ఆటతో మొదలుపెడదాం.

[దగ్గరగా: నేల మీద చింతపిక్కల కుప్ప.]

21 చింతపిక్కలు. ఇద్దరు ఆడాలి. వంతుకి ఒకటి గానీ, రెండు గానీ, మూడు గానీ తీయొచ్చు. చివరి పిక్క ఎవరు తీస్తే వాళ్లది గెలుపు.

మొదటి రోజు అందరూ గబగబా తీసేశారు. ఓడినవాళ్లు "మళ్లీ, మళ్లీ" అన్నారు. పావుగంట ఆడనిచ్చి అప్పుడు అడిగాను: "కుప్పలో నాలుగే ఉన్నాయి, వంతు నీది. ఏం చేస్తావమ్మా?" ఒక అమ్మాయి పిక్కల మీద వేలు ఆనించి కాసేపు కదల్లేదు. "ఒకటి తీస్తే అది మూడు తీసేస్తుందండి. రెండు తీస్తే రెండు. మూడు తీస్తే ఒకటి. ఏం చేసినా నేనే ఓడిపోతానండి." ఒక్క క్షణం ఆగి తలెత్తింది. "అయితే దానికి నాలుగు మిగిలిస్తే నేను గెలుస్తానండి!"

అక్కణ్నుంచి 8, 12, 16, 20 వాళ్లంతట వాళ్లే పట్టుకున్నారు. అంటే 21 ఉన్నప్పుడు ముందు ఆడేవాళ్లు ఒక్క పిక్క తీస్తే చాలు. చివర మొదలుపెట్టి వెనక్కి ఆలోచించడం ఆ రోజు పిల్లలకి వచ్చేసింది. నేను బోర్డు మీద ఒక్క అక్షరం కూడా రాయలేదు.

[పులి-మేక పటం మీదికి.]

ఇక పులి-మేక. శిఖరం నుంచి అడుగుగీత దాకా నాలుగు ఏటవాలు గీతలు, వాటిని కోస్తూ మూడు అడ్డగీతలు, ఆ అడ్డగీతల కొసల్ని రెండు పక్కలా కలుపుతూ నిలువు గీతలు. మొత్తం 23 చోట్లు. 3 పులులు, 15 మేకలు. మా దగ్గర నేలంతా ఒండ్రుమట్టి, గులకరాయి కావాలంటే దొరకదు. అందుకని పులులకి పెంకుముక్కలు, మేకలకి మళ్లీ చింతపిక్కలే. మేకలు ఒక్కొక్కటిగా దిగుతాయి, అన్నీ దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మేక మీంచి తిన్నగా అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక పోయినట్టే. పులులు మూడూ కదల్లేకుండా కట్టేస్తే మేకలు గెలుస్తాయి.

నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే. బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తాను.

"మేక వెనక ఖాళీ ఉంటే పులి దూకగలదు."
"మేక వెనక ఖాళీ ఉంటేనే పులి దూకగలదు."

రెండూ ఒకటేనా అని అడిగితే క్లాసంతా "ఒకటేనండీ" అంటుంది. అప్పుడు ఒక మేకను పెట్టి, దాని వెనక ఖాళీ వదిలి, పులిని ఎక్కడో దూరంగా కూర్చోబెడతాను. ఖాళీ ఉంది కదా, మరి దూకమనండి! దూకలేదు. మొదటి వాక్యం తప్పు. రెండోది మాత్రం ఎన్ని రకాలుగా పెట్టి చూసినా నిలబడుతుంది. ఒక్క "నే"లో అంత తేడా ఉంది. మన భాషే ఇంత చక్కగా విడదీసి చెబుతుంటే, మనం ఆ తేడాను పై తరగతుల్లో సిద్ధాంతాల దాకా దాచిపెడుతున్నాం.

"మరి ఏ చోట కూర్చుంటే మేకను ఎవరూ తినలేరు?" అన్నాను. గీత కొసన కూర్చుంటే వెనక చోటే ఉండదు కదా! తాను ఉన్న ప్రతి గీతకీ కొసే అయిన చోట్లు వెతికారు. శిఖరం, నిలువు గీతల నాలుగు కొసలు, అడుగుగీత రెండు కొసలు. మొత్తం ఏడు.

ఆడిస్తే చాలు, తెలివి దానంతటదే వస్తుందనుకోకండి. ఇంగ్లండులో 100 బడుల్లో చదరంగం నేర్పి చూశారు. 2016లో ఫలితాలు వచ్చాయి: ఏడాది తర్వాత పరీక్ష పెడితే లెక్కల్లో పిల్లలకి అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు. నాకు అర్థమైనంతలో, ఆటలో వచ్చిన ఆలోచన ఆటలోనే ఉండిపోతుంది. దాన్ని మాటల్లోకి లాగాలి. అందుకే నా క్లాసులో ఒక్కో పక్కకి ఇద్దరు ఆడతారు. ఎత్తు వేసే ముందు ఒకరికొకరు పైకి కారణం చెప్పుకోవాలి, "ఇక్కడ పెడితే... అప్పుడు పులి..." అని. కారణం లేని ఎత్తు చెల్లదు. గోల బాగానే ఉంటుంది, పక్క క్లాసు టీచర్‌కి ముందే చెప్పి పెట్టుకోండి.

ఈ ఆటకే ఉన్న పులిజూదం అనే ఇంకో పేరు విని కొందరు తల్లిదండ్రులు జంకుతారు. సంక్రాంతికి బరుల దగ్గర జరిగేవి చూసినవాళ్లు, వాళ్ల భయం సబబే. నేను వాళ్లని బడికి పిలిచి పిల్లలతో ఒక ఆట ఆడిస్తాను. పందెం లేదు, గవ్వలు లేవు, అదృష్టానికి చోటే లేదు. లెక్కల ఆలోచనకి ఆటలు, పొడుపు ప్రశ్నలు తరచుగా వాడమని 2020 జాతీయ విద్యావిధానమే చెబుతోందని కూడా చెబుతాను.

[మళ్లీ చింతపిక్కల కుప్ప.]

మొన్న వెనక బెంచీ కుర్రాడు లేచి అడిగాడు: "చివరి పిక్క తీసినోళ్లు ఓడిపోతే ఎలాగండి?" నేను జవాబు చెప్పలేదు, మీకూ చెప్పను. అవే 21 పిక్కలు. ముందు ఆడటం మంచిదా, రెండోవాళ్లుగా ఆడటమా? ఇంట్లో ఆడి చూసి, కారణంతో సహా రాసి పంపండి.