కొత్త ట్రాక్టరు అవర్ మీటరు రీడింగ్‌ను ఎలా చదవాలి, ఎంతవరకు నమ్మాలి?

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో ఏ ట్రాక్టరు ఎక్కువ బరువు లాగుతుందో, ఏది డీజిల్ తక్కువ తాగుతుందో చెప్పడం లేదు. డ్యాష్‌బోర్డు మీద ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు దగ్గర కనిపించే చిన్న అంకెల వరుస ఒక్కదాని గురించే మాట్లాడబోతున్నాను. అదే ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటరు. లక్షలు పోసి బండి కొనే రైతు షోరూములో రంగు చూస్తాడు, టైర్లు చూస్తాడు, బంపరు, హుక్కు ఉచితంగా ఇస్తారా అని అడుగుతాడు. ఈ అంకె దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు పొరపాట్లలో ఏదో ఒకటి చేస్తాడు. సున్నా కాక ఇంకే అంకె కనిపించినా తనకు పాత బండి అంటగడుతున్నారని కంగారుపడతాడు, లేదా డీలరు "అది మామూలేనండీ" అనగానే మళ్లీ అటువైపు చూడడు.

నిరుడు దసరాకు ముందు మా బావగారు కొత్త బండి డెలివరీకి వెళ్లి, మీటరు మీద 00047 అని ఉండటం చూసి నాకు ఫోను చేశారు. నలభై ఏడు గంటలు తిరిగిన బండిని కొత్తదని ఇస్తున్నారు, కట్టిన అడ్వాన్సు వెనక్కి అడగనా అన్నది ఆయన ప్రశ్న. ముందు ఫోటో పంపమన్నాను. అందులో చివరి 7 మిగతా అంకెల రంగులో లేదు, ఎర్ర గడిలో ఉంది. ఇలాంటి మీటర్లలో వేరే రంగులో ఉండే చివరి అంకె గంటలో పదో వంతును, అంటే 6 నిమిషాలను చూపుతుంది. కాబట్టి బావగారి బండి తిరిగింది 47 గంటలు కాదు, 4.7 గంటలు, అంటే 4 గంటల 42 నిమిషాలు. డిజిటల్ తెర ఉన్న బండ్లలో ఈ తికమక తక్కువ, ఎందుకంటే అక్కడ చుక్క స్పష్టంగా కనిపిస్తుంది. అయితే చుక్కే లేని డిజిటల్ మీటరు మీద 47 అని ఉంటే అది నిజంగానే 47 గంటలు కావచ్చు. అందుకే అంకె చదివే ముందు అది ఏ రకం మీటరో తెలుసుకోవాలి.

ఇక్కడ కొంచెం ఓపికగా వినండి, ఎందుకంటే చాలామందికి తెలియని సంగతి ఇందులోనే ఉంది. కేబుల్‌తో నడిచే పాత తరహా మీటరు గడియారం కాదు. అది లెక్కపెట్టేది ఇంజను చుట్లను. ఇంజను నుంచి వచ్చే సన్నని తీగ మీటరు లోపలి పళ్ల చక్రాలను తిప్పుతుంది. ఇంజను ఒక నిర్ణీత వేగంతో తిరిగినప్పుడు మాత్రమే మీటరు గంట, మన చేతి గడియారం గంట సమానమవుతాయి. ఉదాహరణకు మీ బండి మీటరును 1500 ఆర్‌పీఎం దగ్గర లెక్క కుదిరేలా తయారు చేశారనుకుందాం. ఆ బండిని 750 ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టి రెండు గంటలు స్టార్టింగులో ఉంచితే మీటరు ఒక్క గంటే చూపుతుంది. అదే బండిని 2000 ఆర్‌పీఎం దగ్గర రోడ్డు మీద మూడు గంటలు నడిపితే మీటరు నాలుగు గంటలు చూపుతుంది. మీ బండికి ఆ నిర్ణీత వేగం ఎంతో ఓనర్ మాన్యువల్‌లో చూడండి, కొన్ని మీటర్ల ముఖం మీదే రాసి ఉంటుంది. దీనిని రేటెడ్ ఆర్‌పీఎంతో కలపకండి. మహీంద్రా 575 డీఐకి 1900, స్వరాజ్ 744 ఎఫ్ఈకి 2000, జాన్ డీర్ 5050 డీకి 2100 అని బ్రోచర్లలో కనిపించే అంకెలు ఇంజను తన పూర్తి బలాన్ని ఇచ్చే వేగాలు మాత్రమే.

మాట వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. ఊళ్లో మట్టిని గుల్లచేసే రోటవేటరు కిరాయిల దగ్గర వచ్చే తగాదాల్లో సగం ఈ తేడా వల్లనే వస్తాయని నా అనుమానం. 1500 దగ్గర లెక్క కుదిరే మీటరున్న బండిని 1800 ఆర్‌పీఎం మీద నడిపితే, చేను గట్టు మీద నిలబడి వాచీ చూసుకునే రైతు లెక్కలో ఒక గంట అయ్యేసరికి డ్రైవరు మీటరులో 1.2 గంటలు అవుతాయి. అబద్ధం ఆడుతున్నది ఇద్దరిలో ఎవరూ కాదు. కిరాయి వాచీ మీద మాట్లాడుకుంటారా, మీటరు మీద మాట్లాడుకుంటారా అన్నది పనికి ముందే తేల్చుకుంటే సరిపోతుంది.

ఎలక్ట్రానిక్ మీటరు దీనికి భిన్నం. అది ఆర్‌పీఎంతో సంబంధం లేకుండా కాలాన్నే లెక్కిస్తుంది. వాటిలో కొన్ని ఇంజను నిజంగా నడుస్తున్నప్పుడు మాత్రమే తిరుగుతాయి, మరికొన్ని కీ ఆన్ చేసి ఉంచితే చాలు, ఇంజను ఆగి ఉన్నా లెక్క పెంచుకుంటూ పోతాయి. మీరు చూస్తున్నది ఏ రకమో తెలుసుకోవడానికి ఇంజను స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి ఏడెనిమిది నిమిషాలు ఆగి చూడండి. చివరి అంకె మారితే, షోరూములో లైట్లు, హారన్ చూపించడానికి కీ తిప్పిన సమయం కూడా రీడింగులో కలిసి ఉందన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్న. కొత్త బండి మీద గంటలు అసలు ఎందుకు ఉండాలి? అసెంబ్లీ లైను నుంచి దిగిన ట్రాక్టరును ఫ్యాక్టరీలోనే నడిపి పరీక్షిస్తారు. యార్డులోకి నడుపుతారు, లారీ ఎక్కిస్తారు, దింపుతారు, డీలరు దగ్గర డెలివరీకి ముందు చేసే తనిఖీలో పనిముట్లను ఎత్తే హైడ్రాలిక్స్, వాటిని తిప్పే వెనక ఇరుసు పీటీఓ, బ్రేకులు చూడటానికి మళ్లీ స్టార్ట్ చేస్తారు. ఇవన్నీ కలిసినా సాధారణంగా కొద్ది గంటలే అవుతాయి. దూరం నుంచి వచ్చిన బండికి ఎక్కువ గంటలు ఉండటం సహజమేనని కొందరు సేల్స్‌మెన్ చెబుతారు. ఆ మాట నాకు ఒప్పుదల కాదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి అయినా, పంజాబ్‌లోని హోషియార్‌పూర్ నుంచి వచ్చిన బండి అయినా అంత దూరం లారీ మీదే వస్తుంది. లారీ తిరిగిన కిలోమీటర్లు ట్రాక్టరు మీటరుకు తెలియవు.

స్టాక్ యార్డు నుంచి షోరూముకు, ఒక షోరూము నుంచి మరో ఊరి బ్రాంచికి బండిని రోడ్డు మీద నడుపుకుంటూ తెచ్చే సందర్భాలు మాత్రం నిజంగానే ఉంటాయి. అలా చెప్పినప్పుడు ఎంత దూరమో అడగండి. ట్రాక్టరు రోడ్డు మీద గంటకు 20 నుంచి 25 కిలోమీటర్లు వెళ్తుందనుకుంటే 60 కిలోమీటర్లకు రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. కేబుల్ మీటరయితే, ఎక్కువ ఆర్‌పీఎం మీద నడిచింది కాబట్టి, అది నాలుగు గంటలు కూడా చూపవచ్చు. దానికి ఫ్యాక్టరీ, లోడింగు, తనిఖీ గంటలు కలపండి. ఆరేడు గంటలు చూపిస్తే లెక్క కుదిరింది. అదే మీటరు 18 చూపిస్తుంటే, పది గంటలకు పైగా ఆ బండి ఎక్కడ ఉంది, ఏం చేసింది అన్న ప్రశ్నకు డీలరు జవాబు చెప్పాలి. అంకె ఎంత అన్నది కాదు నేను చూసేది, ఆ అంకెకు చెప్పిన కథ సరిపోతున్నదా లేదా అన్నదే.

నా వరకు నేను పెట్టుకున్న హద్దులు చెబుతాను. ఇవి ఏ కంపెనీ నియమాలూ కావు. పది గంటల లోపు ఉంటే వివరం అడిగి తీసుకుంటాను. పది దాటితే కాగితం మీద వివరణ కావాలంటాను. పాతిక దాటిన బండిని కొత్త బండిగా కాక డెమో బండిగానే చూస్తాను. డెమో బండి కొనడం తప్పేమీ కాదు. ఊళ్లలో పొలం దున్ని చూపించడానికి వాడిన బండిని సరైన తగ్గింపు ఇచ్చి, వారంటీ తేదీ స్పష్టంగా చెప్పి అమ్మితే అది మంచి బేరమే కావచ్చు. కానీ తొలి యాభై గంటల్లో ఇంజను భాగాలు ఒకదానికొకటి సర్దుకుంటాయి, ఆ కాలంలో బండిని మరీ బరువు పనులకు పెట్టకూడదని మాన్యువల్ చెబుతుంది. ఆ సున్నితమైన గంటల్లో ఊరూరా తిరిగిన డెమో డ్రైవరు దానిని ఎలా వాడాడో మనకు తెలియదు కాబట్టి, ఆ అనుమానానికి ధరలో తగ్గింపు ఉండాల్సిందే.

ఇక సున్నా సంగతి. మీటరు మీద అన్నీ సున్నాలే కనిపిస్తే సంబరపడేవాళ్లు ఉన్నారు. నేనైతే 4.7 చూసినప్పటికంటే అక్కడే ఎక్కువ ప్రశ్నలు అడుగుతాను. పరీక్షకు నడిచి, లారీ ఎక్కి, దిగి, షోరూములోకి తన చక్రాల మీదే వచ్చిన బండి ఆరు నిమిషాలు కూడా తిరగలేదంటే నమ్మడం కష్టం. మోసమని వెంటనే అనను. మీటరు పాడయితే కొత్తది బిగించి ఉండవచ్చు, అలా మార్చిన మీటరు మళ్లీ సున్నా నుంచే మొదలవుతుంది. కేబుల్ ఊడి ఉండవచ్చు, ఊడదీసి కూడా ఉండవచ్చు. చాలా కేబుల్ మీటర్లలో ఆర్‌పీఎం ముల్లును, గంటల అంకెలను తిప్పేది ఒకే తీగ. అందుచేత ఇంజను స్టార్ట్ చేసి యాక్సిలరేటరు పెంచినా ముల్లు కదలకపోతే, గంటలు కూడా నమోదు కావడం లేదని అక్కడికక్కడే తెలిసిపోతుంది. ముల్లు కదిలితే మాన్యువల్‌లో చెప్పిన ఆర్‌పీఎం దగ్గర నిలిపి, మీ ఫోనులో ఆరు నిమిషాలు పెట్టుకోండి. చివరి అంకె ఒక గడి కదలాలి. సేల్స్‌మన్ విసుక్కోవచ్చు, అయినా ఆరు నిమిషాలు అడగండి.

మీటరు చెప్పినదానికి బండి ఒళ్లు సాక్ష్యం చెప్పాలి. కొత్త టైర్ల మీద సన్నని వెంట్రుకల్లాంటి రబ్బరు ముక్కలు ఉంటాయి, వెనక టైరు గుబ్బల అంచులు పదునుగా ఉంటాయి. క్లచ్, బ్రేకు పెడళ్ల మీద గీతలు అరగకూడదు. అన్నిటికంటే ఎక్కువ నిజం చెప్పేది వెనక భాగం. గొర్రు గానీ, రోటవేటరు గానీ ఒక్క పూట తగిలించినా, వాటిని పట్టుకునే వెనక కడ్డీల, అంటే లింకుల చివర, పిన్నులు కూర్చునే రంధ్రాల దగ్గర రంగు చెక్కుకుపోయి లోపలి ఇనుము మెరుస్తుంది. ట్రాలీ లాగిన బండికి హుక్కు లోపలి అంచు కూడా అంతే. దమ్ము చేసిన బండి అయితే, బురదలో నడవడానికి వేసే ఇనుప చక్రాలు, అంటే కేజ్ వీల్స్ బిగించిన గుర్తులు చక్రాల డిస్కు మీద ఉంటాయి, ఎంత కడిగినా ఇరుసు కింద, గేరుబాక్సు బోల్టుల సందుల్లో ఎండిన రేగడి మన్ను దొరుకుతుంది. మొబైల్ లైటు వేసుకుని ఒకసారి బండి కిందికి వంగి చూడండి. మీటరు 3 చూపిస్తూ, కింద మన్ను ఉంటే నేను మన్నునే నమ్ముతాను.

50 హెచ్‌పీ దాటిన బండి కొనేవారికి ఇంకొక దారి ఉంది. 2023 జనవరి 1 నుంచి ఆ తరగతి ట్రాక్టర్లకు ట్రెమ్ 4 కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చాయి, దానితో ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న ఇంజన్లు వచ్చాయి. ఇలాంటి ఇంజన్ల కంట్రోల్ యూనిట్ సాధారణంగా ఇంజను తిరిగిన గంటలను తనలో కూడా దాచుకుంటుంది. సర్వీసు వాళ్ల దగ్గర ఉండే స్కానరు తగిలించి ఆ గంటలను చూపించమని అడగండి. డ్యాష్‌బోర్డు అంకెకు, దానికి కొద్ది తేడా ఉంటే పట్టించుకోవద్దు, పెద్ద తేడా ఉంటే బండి తీసుకోవద్దు.

గంటలు వయసును చెప్పవని కూడా గుర్తుంచుకోండి. రెండే గంటలు తిరిగిన బండి ఏడాదిన్నరగా యార్డులో ఎండకు, వానకు నిలబడి ఉండవచ్చు, దాని బ్యాటరీ, టైర్లు, రబ్బరు పైపులు ఆ ఏడాదిన్నర వయసు మోస్తూనే ఉంటాయి. రిజిస్ట్రేషన్ కోసం డీలరు ఇచ్చే ఫారం 21లో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. ఇన్వాయిస్ తేదీతో పోల్చి చూడండి, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవే కాగితం మీద ఉన్నాయో లేదో కూడా చూడండి.

ఇంత శ్రమ ఎందుకంటే, మున్ముందు కంపెనీతో మీ లెక్కలన్నీ ఈ మీటరు మీదే నడుస్తాయి. చాలా కంపెనీల తొలి సర్వీసు 50 గంటల దగ్గర ఉంటుంది. వారంటీ 5 సంవత్సరాలు లేదా 5000 గంటలు, 6 సంవత్సరాలు లేదా 6000 గంటలు, ఇలా ఏది ముందయితే అది అన్న షరతుతో ఉంటుంది. ఖర్చు లెక్కలు వేసేవారు ట్రాక్టరు ఆయుష్షును సాధారణంగా 10 సంవత్సరాలు, 10000 గంటలుగా తీసుకుంటారు. ఆ లెక్కలో పాతిక గంటలు చాలా చిన్న భాగమే, నిజమే. కానీ డెలివరీ నాటి రీడింగు ఎక్కడా రాయకపోతే, తొలి సర్వీసు ఆలస్యమైందని వారంటీ దగ్గర పేచీ వచ్చినప్పుడు మీ చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే తాళాలు తీసుకునే ముందు తేదీ, రీడింగు డెలివరీ చలాను మీద, సర్వీసు పుస్తకంలో రాయించి, డీలరు సంతకం, ముద్ర వేయించుకోండి. మీటరును, ఛాసిస్ నంబరును ఒకే వీడియోలో ఆపకుండా తీసి ఫోనులో దాచుకోండి. తరువాత ఎప్పుడైనా మీటరు మారిస్తే, పాత రీడింగు ఎంత దగ్గర మార్చారో అదే పుస్తకంలో రాయించండి.

మా బావగారు ఆ రోజు అడ్వాన్సు వెనక్కి అడగలేదు. బండిని 40 కిలోమీటర్ల దూరంలోని మరో బ్రాంచి నుంచి నడుపుకుంటూ తెచ్చామని షోరూము వాళ్లు చెప్పారు, లెక్క వేస్తే 4.7కి ఆ మాట సరిపోయింది, లింకుల మీద రంగు చెక్కు చెదరలేదు. రీడింగు రాయమని అడిగితే చలానులో దానికి గడి లేదన్నారట. గడి లేకపోతే ఖాళీ ఉంది కదా అని, తన సంతకానికి పైన ఉన్న జాగాలో 4.7 గంటలు అని వాళ్ల చేతనే రాయించి, ముద్ర వేయించుకుని, అప్పుడు బండి ఎక్కారు.