ఏం పని చేస్తరమ్మా?

(నిజామాబాద్ జిల్లాలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను ఎం.ఏ. సోషియాలజీలో, అంటే సమాజ శాస్త్రంలో చేరానని తెలిసి మా మేనమామ అడిగిన మొదటి మాట, "అంటే సోషల్ సారువైతవా?" కాదన్నాను. "మరి సంఘసేవనా?" అదీ కాదన్నాను. "గట్లయితే అది సదివి ఏం జేస్తవురా?" ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎదురుపడితే అదే అడుగుతాడు. మీ ఇళ్లలో కూడా ఆ ప్రశ్న తప్పదు కాబట్టి నా జవాబేదో చెబుతాను.

చదువైపోగానే ఒక సర్వేలో పనికి కుదిరాను. ఎవరి సర్వే అన్నది వదిలేద్దాం, చివరి రెండు నెలల జీతం ఇంకా రావాలి. జగిత్యాల వైపు ఒక ఊళ్లో ఒకామె ఇంటి ముందు కూర్చుని ఫారం తీశాను. "ఏం పని చేస్తరమ్మా?" "ఏం జెయ్య సార్, ఖాళీగనే ఉంట." నేను 'గృహిణి' దగ్గర టిక్కు పెట్టి కింది ప్రశ్నకు వెళ్లిపోయాను.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఒళ్లో చేట ఉంది. చేటలో తంబాకు, కత్తిరించి పెట్టుకున్న తునికాకు. నాతో మాట్లాడుతూనే ఆకు చుడుతోంది, కొస మడుస్తోంది, దారం కడుతోంది. చూపు నా మీదే, చేతులు మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. నేను అదంతా చూస్తూనే 'గృహిణి' అని రాశాను!

రాత్రి ఫారాలు సరిచూసుకుంటుంటే సిగ్గేసింది. మర్నాడు మళ్లీ వెళ్లి ఈసారి ఇంకోలా అడిగాను. "నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం జేసిన్రు?" వాకిలి ఊడ్చింది, బోళ్లు తోమింది, తడిబట్టలో చుట్టి పెట్టిన ఆకు కత్తిరించింది, పిల్లను బడికి పంపింది, వంట మధ్యలో, వంటయ్యాక, చీకటి పడేదాకా బీడీలు చేసింది. 25కు ఒక కట్ట చొప్పున లెక్కపెట్టి కార్ఖానాలో ఇచ్చొచ్చింది. బాగా లేవని పక్కన పడేసిన కట్టలకు పైసలు రావు. మరి ఇదంతా పని కాదా అంటే, "పనంటే బయటికి వోయి చేసేది గద సార్" అంది.

సోషియాలజీ నాకు అసలు అర్థమైంది ఆ గుమ్మం దగ్గరే. ప్రశ్న ఎలా అడిగామన్న దాన్ని బట్టి మనిషి లెక్కలోకి వస్తాడు, లేదా జారిపోతాడు. ఇది కాగితం గొడవ అనుకోకండి. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమానే తీసుకోండి. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వచ్చేలా పెట్టారు. కౌలుకు చేసేవాడి పేరు మీద పట్టా ఉండదు. దున్నేది అతనే, అప్పు తెచ్చేది అతనే, కాని ఆ పథకం లెక్కలో అతను రైతు కాడు. రైతంటే ఎవరు అన్న ప్రశ్నకు ఎవరో ఒక ఆఫీసులో కూర్చుని జవాబు రాశారన్నమాట. ఆ జవాబు ఎలా తయారైందో వెతకడమే మన పని.

మన దగ్గర ఈ పని కొత్తదేం కాదు. 1951-52లో ఉస్మానియా యూనివర్సిటీ నుంచి సామాజిక శాస్త్రవేత్త ఎస్.సి. దూబే బృందం హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట అనే ఊరికి వెళ్లింది. ఎవరింట్లో ఎవరు తింటారు, పంచాయితీలో ఎవరి మాట చెల్లుతుంది లాంటివన్నీ రాసుకుంది. 1955లో అది పుస్తకంగా వచ్చింది. ఇప్పుడు ఆ శామీర్‌పేట మీద అవుటర్ రింగ్ రోడ్డు పోతోంది. మీలో ఎవరైనా ఆ పుస్తకం పట్టుకుని అక్కడికి వెళ్లి ఇల్లిల్లూ తిరిగితే మంచి పీహెచ్‌డీ అవుతుంది. నాకు తీరిక దొరకలేదు.

ఇక ఉద్యోగాలు. 'సోషియాలజిస్టు కావలెను' అన్న ప్రకటన మీకు దాదాపు కనబడదు. కాని మా క్లాసువాళ్లు ఎక్కడెక్కడున్నారో చూస్తే నాకే ఆశ్చర్యం. ఇద్దరు లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాసి లెక్చరర్లయ్యారు. ఒకామె మహిళా సంఘాల అప్పుల లెక్కలు చూస్తుంది. ఒకడు పత్రికలో ఉన్నాడు. ఇంకొకామె గచ్చిబౌలిలో ఒక యాప్ కంపెనీలో చేస్తుంది. ఫోన్లో డబ్బు పంపేటప్పుడు అరవై ఏళ్ల మనిషి ఎక్కడ భయపడి ఆగిపోతుందో పక్కన కూర్చుని చూడటం ఆమె ఉద్యోగం. నేను అడిగినట్టే అడుగుతుంది, జీతం మాత్రం నాకు మూడింతలు.

సివిల్స్ సంగతి మీరు ఎలాగూ అడుగుతారు. మెయిన్స్‌లో సోషియాలజీని ఆప్షనల్‌గా, అంటే మనం ఎంచుకునే సబ్జెక్టుగా తీసుకుంటే 250 మార్కులవి రెండు పేపర్లు. తెలంగాణ గ్రూప్-2 రెండో పేపర్లో కూడా సమాజం ఉంది. ఉపయోగమే. కాని సిలబస్ చిన్నదని మాత్రమే ఇటు రావద్దు. ఆ లెక్కన వచ్చినవాళ్లు నోట్సు బట్టీ కొట్టి, పరీక్ష పోగానే ఖాళీ చేతులతో మిగలడం చూశాను.

తెలుగు మీడియం పిల్లలకు ఒక మాట. మొదటి సెమిస్టర్‌లో సోషియాలజీకి పునాది వేసిన వెబర్, డర్క్‌హైమ్ ఇంగ్లిషులో మింగుడు పడరు, టెన్షన్ వస్తుంది. నేనైతే హాస్టల్ గదిలో ఒక్కో పేరాను తెలుగులో రాసుకుని చదివాను. సిగ్గుపడాల్సిందేం లేదు. రేపు ఫీల్డుకు వెళ్లినప్పుడు ఆ బీడీలు చేసే ఆమె లాంటివాళ్ల జగిత్యాల మాట మీకు అర్థమవుతుంది, ఇంగ్లిషు బాగా వచ్చిన మీ క్లాస్‌మేటుకు అర్థం కాదు. ఎక్సెల్, కొంచెం స్టాటిస్టిక్స్ మాత్రం తప్పకుండా నేర్చుకోండి. అవి రాక నేను మూడేళ్లు పోగొట్టుకున్నాను.

నేను చెప్పేది అయిపోయింది. ఆ కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తుతూ దించుతూ ఉంది. లేచి అడుగు తల్లీ.