రెండ్రోజుల నుంచి జ్వరం: ఫ్రమ్మా, సిన్సా, ఫరా?

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఏ ఆఫీసు లీవ్ లెటర్ల ఫైలు తీసినా ఈ వాక్యం తగులుతుంది: "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఫ్రమ్ టూ డేస్." ఇందులో రెండు ఫ్రమ్‌లున్నాయి. మొదటిది జ్వరానిది, దాన్ని ముట్టుకోకండి. తప్పంతా రెండోదానిదే. కొందరు దాన్ని కొట్టేసి "సిన్స్ టూ డేస్" అని దిద్దుతారు. అదీ తప్పే!

మన "నుంచి" ఒక్కటే అన్ని పనులూ చేసేస్తుంది. ఇంగ్లీషులో ఆ పనిని ముగ్గురు పంచుకున్నారు.

రాటకి కట్టిన ఆవుని ఊహించుకోండి. రాట దగ్గర పని మొదలైంది, పలుపు రెండో కొస ఈరోజు చేతిలో ఉంది. రాట పేరు చెబితే సిన్స్: సిన్స్ మండే. పలుపు పొడవు చెబితే ఫర్: ఫర్ టూ డేస్. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్ 1న. "సిన్స్ 1979" అన్నా, "ఫర్ మోర్ దేన్ ఫార్టీ ఇయర్స్" అన్నా ఆవు ఒక్కటే, రాటా ఒక్కటే.

అనుమానమొస్తే తెలుగులోనే అడగండి. "ఎప్పటి నుంచి?" అన్నదానికి జవాబైతే సిన్స్. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నదానికైతే ఫర్. గ్రామర్ పుస్తకాల్లో పేజీలకి పేజీలు టేబుళ్ళు వేస్తారు గానీ ఈ రెండు ప్రశ్నలు చాలు.

పలుపు ఇంకా చేతిలోనే ఉంది కాబట్టి "ఐ యామ్" కుదరదు, "ఐ హేవ్ బీన్" రావాలి. పలుపు తెగిపోతే, అంటే పని అయిపోతే, "ఐ వర్క్‌డ్ ఇన్ రాజాం ఫర్ త్రీ ఇయర్స్." ఫర్ అలాగే ఉంటుంది, హేవ్ పోతుంది.

మరి ఫ్రమ్? అది దండెం. రెండు వైపులా రాటలుంటాయి: "ఫ్రమ్ నైన్ టు ఫైవ్." రేపటి రాట నుంచి మొదలైనా ఫ్రమే: "ఐ విల్ బి ఆన్ లీవ్ ఫ్రమ్ మండే." ఇక్కడ సిన్స్ వేయకూడదు, రేపటి రాట ఇంకా పాతలేదు కదా!

టైమ్ అయిపోతోంది, గబగబా రెండు. "సిన్స్ లాస్ట్ టూ డేస్" కాదు, "ఫర్ ద లాస్ట్ టూ డేస్." "హేవ్ బీన్ నోయింగ్" కాదు, "హేవ్ నోన్", నో అనే క్రియకి ఐఎన్‌జీ పడదు.

ఇప్పుడా లెటర్ దిద్దేద్దాం: "ఐ హేవ్ బీన్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఫర్ టూ డేస్." కింద సంతకం, తేదీ మర్చిపోకండి.