కథకు బొమ్మ వేసే మనిషి: ఫ్రీలాన్స్ ఇలస్ట్రేటర్ల పని మీద స్టూడియో చర్చ

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. పిల్లల పుస్తకం చేతికొస్తే ముందు బొమ్మలే చూస్తాం. ఆ బొమ్మలు వేసేవాళ్ళు ఎలా పనిచేస్తారు, ఎలా బతుకుతారు అన్నది ఈరోజు చర్చ. విజయవాడ వారపత్రికల రోజుల నుంచి కథలకు బొమ్మలు వేస్తున్న మాస్టారు వచ్చారు. హైదరాబాద్‌లో ఇంటి నుంచే పిల్లల పుస్తకాలకు పనిచేస్తున్న ఇలస్ట్రేటర్ ఉన్నారు. మూడోవారు పిల్లల పుస్తకాల సంపాదకుడు, అంటే ఈ ఇద్దరిలాంటి వాళ్ళకి పని ఇచ్చే మనిషి. మాస్టారూ, బొమ్మ వేయాలంటే మూడ్ రావాలంటారు. నిజమేనా?

మాస్టారు: మూడ్ అనేది నెల జీతం వచ్చేవాళ్ళకండీ. (నవ్వు) మాకు వారపత్రిక ఉండేది. ఫలానా రోజుకి ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల షీటు, ప్రెస్సుకెక్కాలి. సాయంత్రానికి ఆఫీసు కుర్రాడు సైకిలేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. వాణ్ణి చూస్తే మూడ్ దానంతటదే వచ్చేది.

ఇలస్ట్రేటర్: ఇప్పుడు కుర్రాడు లేడు మాస్టారూ, వాట్సాప్‌లో నీలం టిక్కులున్నాయి. కానీ మూడ్ అసలు లేదనను. ఏ పనికి ఏ మూడ్ అన్నదే తేడా. రఫ్‌లకి, అంటే మొదట వేసుకునే పెన్సిల్ గీతలకి, బుర్ర కావాలి, రంగులకి చెయ్యి చాలు. అందుకని రఫ్‌లన్నీ పొద్దున్నే వేస్తాను, ఫోన్ పక్క గదిలో పెట్టి. మధ్యాహ్నం మెయిల్స్, బిల్లులు. సాయంత్రం రేడియో పెట్టుకుని రంగులు నింపుకుంటాను. రెండు మూడు పుస్తకాలు వేర్వేరు దశల్లో ఉంటే అన్ని పూటలకీ తగిన పని ఉంటుంది. అన్నీ ఒకేసారి రఫ్ దశలో పడ్డాయంటే మాత్రం ఆ వారం ఇంట్లోవాళ్ళు నాతో మాట్లాడరు.

సమన్వయకర్త: అంటే టైమ్‌టేబుల్ వేసుకున్నారు.

ఇలస్ట్రేటర్: టైమ్‌టేబుల్ అనేంత గొప్పది కాదు. పొద్దున మెయిల్ తెరిస్తే ఆ రోజు పోయినట్టే, అందుకని తెరవను. అంతే.

సంపాదకుడు: మేం మెయిల్ పెట్టేది పొద్దున్నే. (నవ్వులు) ఇప్పుడర్థమైంది జవాబు మూడింటికి ఎందుకొస్తుందో.

సమన్వయకర్త: కథ చేతికొచ్చాక ముందు ఏం చేస్తారు?

మాస్టారు: చదవాలండీ. ఈ మాట చెబితే నవ్వుతారు గానీ, చదవకుండా వేసేవాళ్ళు మా రోజుల్లోనూ ఉన్నారు. కొన్నిసార్లు కథ చేతికి రాదు, ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పేవాళ్ళు. "భార్యాభర్తలు, గొడవ, వాన." దాంతోనే వేయాలి. కథ చేతికొస్తే మాత్రం మొదట చూసుకోవాల్సింది, ఏది వేయకూడదు అని. కథలో అన్నిటికన్నా రక్తి కట్టే ఘట్టం చివర్లో ఉంటుంది. చెయ్యి దానిమీదకే లాగుతుంది. అది వేశామంటే పాఠకుడు పేజీ తిప్పగానే కథ అయిపోయినట్టే. అందుకని గొడవకి ముందు క్షణం పట్టుకోవాలి. ఆవిడ ఇంకా మాట అనలేదు, అనబోతోంది. అక్కడ.

ఇలస్ట్రేటర్: పిల్లల పుస్తకంలో ఇంకో చిక్కు. "చిన్ని ఎర్ర గౌను వేసుకుని చెట్టెక్కింది" అని వాక్యం ఉంటుంది. నేనూ ఎర్ర గౌనూ చెట్టూ వేస్తే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు. వాక్యంలో లేనిది బొమ్మలో రావాలి. కింద కుక్క ఆ పిల్ల చెప్పు ఎత్తుకుపోతోంది అనుకోండి, రచయిత దాని గురించి రాయడు, పిల్లలు కనిపెడతారు. మళ్ళీ మళ్ళీ ఆ పేజీకే వస్తారు.

సంపాదకుడు: అప్పుడు నేను రచయితకి ఫోన్ చేసి "ఎర్ర గౌను" తీసేద్దామా అని అడుగుతాను. కొందరు ఒప్పుకుంటారు. కొందరు రెండు రోజులు మాట్లాడరు.

సమన్వయకర్త: రఫ్ అంటే ఏం చేస్తారు, మా ప్రేక్షకుల కోసం కొంచెం వివరంగా చెప్పండి.

ఇలస్ట్రేటర్: పిల్లల బొమ్మల పుస్తకం ఎక్కువగా 32 పేజీలుంటుంది. పెద్ద కాగితం మడిచి కోస్తారు కాబట్టి పేజీలు ఎనిమిది, పదహారు లెక్కన వస్తాయి. ముందు ఒకే కాగితం మీద ఆ పేజీలన్నీ అగ్గిపెట్టె సైజులో గీస్తాను. థంబ్‌నెయిల్స్ అంటాం. ముఖాలూ కళ్ళూ ఏమీ ఉండవు, నల్లగా తెల్లగా మచ్చలంతే. వరసగా నాలుగు పేజీల్లో మనిషి ఒకే సైజులో ఉంటే పిల్లలకి విసుగు. ఒక పేజీలో చీమంత, తర్వాతి పేజీలో ముఖం ఒక్కటే. ఈ ఎత్తూ పల్లమూ అక్కడే తేలిపోవాలి. తర్వాత కాగితాలు మడిచి చిన్న డమ్మీ పుస్తకం చేసి పేజీలు తిప్పి చూస్తాను. స్క్రీన్ మీద తెలియని తప్పులు చేతిలో తెలుస్తాయి. ఉదాహరణకి, రెండు పేజీల మీదుగా వేసిన బొమ్మలో అమ్మమ్మ ముఖం సరిగ్గా కుట్టు దగ్గర పడుతుంది. పుస్తకం తెరిస్తే సగం ముక్కు లోపలికి పోతుంది.

సంపాదకుడు: నావి రెండు మాటలు కలుపుతాను, ఇవి ఎవరూ నేర్పరు. తెలుగు అక్షరానికి చోటు ఎక్కువ కావాలి. పైన గుడి, కింద వత్తు, వత్తు కింద ఇంకోటి. "రాష్ట్రం" అని రాసి చూడండి. లైన్ల మధ్య ఎడం ఇవ్వకపోతే పై వరస వత్తులు కింది వరస తలకట్ల మీద కూర్చుంటాయి. ఇంగ్లిష్ పుస్తకం చూసి మాటలకి అంతే జాగా వదిలేవాళ్ళు ఉన్నారు. రెండోది, ఒకే పుస్తకం మూడు నాలుగు భాషల్లో వేస్తాం. అచ్చులో రంగుల ప్లేట్లు అన్నిటికీ అవే, మాటలుండే నలుపు ప్లేటు ఒక్కటీ మారుస్తాం. బొమ్మలో కిరాణాకొట్టు బోర్డు మీద "శ్రీ వెంకటేశ్వర స్టోర్స్" అని రంగుల్లో అందంగా రాసేస్తే హిందీ పుస్తకంలోనూ ఆ తెలుగే ఉంటుంది.

ఇలస్ట్రేటర్: అందుకే బోర్డులు కంప్యూటర్‌లో వేరే లేయర్‌లో, అంటే బొమ్మ మీద విడిగా తీసేయగల పొరలో, పెడతాను. అసలు వేయకుండా తప్పించుకోవడం ఇంకా సుఖం.

మాస్టారు: మాకు లేయరంటే ట్రేసింగ్ పేపరు. ఇండియన్ ఇంకు, పాళీ, బ్రష్షు. తప్పొస్తే తెల్ల పోస్టర్ కలర్ పూయడం. బొమ్మని లోహపు పలక మీదకెక్కించి అచ్చువేసే బ్లాకు మేకింగ్ రోజుల్లో సన్నటి గీతలు అచ్చులో అతుక్కుపోయేవి, అందుకని గీత లావుగా, తెరిపిగా వేయడం అలవాటైంది. జనం దాన్ని నా శైలి అన్నారు. నేనూ కాదనలేదు.

సమన్వయకర్త: శైలి మాట వచ్చింది కాబట్టి... బాపు, వపా అంటే సంతకం చూడక్కర్లేదు కదా?

మాస్టారు: చూడక్కర్లేదు. బాపు గారి చేతిరాత కూడా బొమ్మే, తర్వాత ఫాంటైంది. వపా, అంటే వడ్డాది పాపయ్య గారి రంగులు చందమామ, యువ పత్రికల అట్టల మీద చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒక తేడా మాత్రం మరిచిపోకూడదు. విక్రమార్కుడు భుజాన శవం వేసుకుని నడిచే బొమ్మ వేసిన శంకర్ గారు 1950ల మొదట్లో చందమామలో చేరి దశాబ్దాల పాటు అక్కడే చేశారు. అది ఉద్యోగం. ఆఫీసు, కుర్చీ, నెలకింత. ఒకే పత్రిక, ఒకే కొలత, ఏళ్ళ తరబడి. అలా చేస్తే చెయ్యి కుదురుతుంది. ఈ అమ్మాయికి ఆ అవకాశం ఏదీ? ఇవాళ పులి, రేపు బ్యాంకు ప్రకటన.

ఇలస్ట్రేటర్: నిజమే, కానీ నాకు అది పూర్తిగా నష్టంగా అనిపించదు. బ్యాంకు ప్రకటన డబ్బే పులిని పోషిస్తోంది.

సమన్వయకర్త: ఊళ్ళు, పండగలు వేయాలంటే వివరాలు ఎక్కడ దొరుకుతాయి? ఇంటర్నెట్టేనా?

ఇలస్ట్రేటర్: ఇంటర్నెట్‌లో "ఇండియన్ విలేజ్" అని కొడితే రాజస్థాన్ ఘాగ్రాలు, ఎక్కడివో మట్టిగోడలు వస్తాయి. తెలంగాణ పల్లె అని చెప్పి వెనకాల కొబ్బరిచెట్లు వేస్తారు. అక్కడ కంటికి ఆనేవి తాటి, ఈత చెట్లు. బతుకమ్మలో తంగేడు, గునుగు లేకుండా గులాబీలు పేర్చిన బొమ్మ చూశాను. అందుకని వారంలో ఓ పూట స్కెచ్‌బుక్ పట్టుకుని సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కో, బస్టాండ్‌కో వెళ్తాను. బొమ్మలు బాగా రావాలని కాదు. తట్ట దించేటప్పుడు నడుం ఎటు వంగుతుంది, నిద్రపోయే మనిషి చెయ్యి ఎక్కడ పెట్టుకుంటాడు, ఇవి ఫోటోలో దొరకవు.

మాస్టారు: ఎద్దులు కూడా. ఒంగోలు గిత్తకి కొమ్ములు పొట్టిగా ఉంటాయి, మూపురం పెద్దది. అందరూ క్యాలెండర్‌లో పొడుగు కొమ్ముల ఎద్దు వేసి ఒంగోలు అంటారు. రైతు చూస్తే నవ్వడూ?

సమన్వయకర్త: ఇక అసలు గొడవకి వద్దాం. "చిన్న మార్పే కదా" అనేది మీరేనా సార్?

సంపాదకుడు: నేనే. ఒప్పుకుంటా. కానీ మార్పు అడగడం నా పని. అది ఎప్పుడు అడగాలన్నదే గొడవ. రఫ్ దగ్గర పిల్ల కుడివైపు బదులు ఎడమవైపు పరిగెత్తాలంటే పది నిమిషాల పని. రంగులన్నీ అయ్యాక అదే మాటంటే బొమ్మ మళ్ళీ వేయాలి. మా తప్పు ఏంటంటే, రఫ్‌లు సరిగ్గా చూడం. పెన్సిల్ గీతలు చూసి "బాగుంది, కానివ్వండి" అంటాం. రంగులొచ్చాక మా డైరెక్టర్ గారు చూస్తారు. ఆయన చూడటం అదే మొదటిసారి.

ఇలస్ట్రేటర్: అందుకే ఒప్పందంలో రాస్తాను. రఫ్ దశలో రెండు విడతల మార్పులు ఉచితం, ఫైనల్‌లో ఒకటి. ఆపైన ఒక్కో పేజీకి ఇంత. రఫ్‌కి ఓకే అని ఎవరు చెప్పాలో కూడా ముందే అడుగుతాను, ఆ డైరెక్టర్ గారి పేరుతో సహా. డబ్బులు మూడు విడతలు: పని ఒప్పుకున్నప్పుడు, రఫ్‌లు ఓకే అయ్యాక, ఫైల్స్ ఇచ్చేటప్పుడు. పూర్తి రిజల్యూషన్ ఫైల్ చివరి విడత వచ్చాకే వెళ్తుంది.

మాస్టారు: మేం అడిగి ఎరగం. బొమ్మకింత అనేవాళ్ళు. ఒరిజినల్ వెనక్కి ఇమ్మంటే వింతగా చూసేవాళ్ళు. ఓ పత్రికలో వేసిన బొమ్మ తర్వాత వేరేవాళ్ళ నవల అట్ట మీద కనిపించింది నాకు.

సమన్వయకర్త: చట్టం ఏమంటోంది?

ఇలస్ట్రేటర్: 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కు గీసినవాళ్ళది. అయితే అక్కడే ఓ మెలిక ఉంది. డబ్బిచ్చి ఎవరైనా పెయింటింగో పోర్ట్రెయిటో వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు వేయించుకున్నవాళ్ళకే పోతుంది. కథకు వేసిన బొమ్మ పెయింటింగా కాదా అని తర్వాత కొట్టుకునే కంటే ముందే కాగితం రాసుకోవడం నయం. హక్కులు రాసిచ్చినా ఎంతకాలమో రాయకపోతే 19వ సెక్షన్ అయిదేళ్ళ కిందే లెక్కేస్తుంది, ఏ దేశమో రాయకపోతే ఇండియా వరకే. చాలా ఒప్పందాల్లో "ప్రపంచమంతటా, శాశ్వతంగా" అని ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది. నేను ఆ రెండు మాటలకీ గీత పెట్టి, పుస్తకం వరకు ఒక రేటు, క్యాలెండర్లు, టీషర్టులకు వేరే రేటు అంటాను. అన్నిసార్లూ ఒప్పుకోరు. అడిగితే మాత్రం ఎవరూ కొట్టరు.

సంపాదకుడు: పుస్తకంలో పేరు వేయడం గురించి కూడా చెప్పండి.

ఇలస్ట్రేటర్: హక్కులు అమ్మేసినా, ఇది నా బొమ్మ అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటుంది. లోపలెక్కడో చిన్న అక్షరాల్లో కాకుండా అట్ట మీద రచయిత పేరు పక్కన నా పేరుండాలని అడుగుతాను.

సమన్వయకర్త: బిల్లు నెలలు గడిచినా రాకపోతే?

ఇలస్ట్రేటర్: దీని గురించి తెలియని ఆర్టిస్టులే ఎక్కువ. మనం ఒక్కరమే ఇంట్లో కూర్చుని చేసినా చిన్న సంస్థ కిందే లెక్క. చిన్న సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం, అంటే చిన్న సంస్థల చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏం రాసుకున్నా డబ్బు ఇవ్వడానికి 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా. నేను వడ్డీ ఎప్పుడూ వసూలు చేయలేదు. బిల్లు కింద ఉద్యమ్ నంబర్ వేస్తాను. దాన్ని చూసి అకౌంట్స్ వాళ్ళు కొంచెం తొందరపడతారు. టీడీఎస్ అని బిల్లులోంచి ముందే ఆదాయపు పన్ను కోశారని ఏడవక్కర్లేదు, రిటర్న్ వేస్తే లెక్కలోకి వస్తుంది. సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ బెడదా లేదు. దాటిన రోజు పార్టీ ఇస్తాను.

సమన్వయకర్త: ఏఐ గురించి అడగకపోతే ప్రేక్షకులు ఊరుకోరు.

సంపాదకుడు: ఒక బొమ్మ అందంగానే ఇస్తుంది. 32 పేజీల్లో అదే పిల్ల, అదే చెవిపోగు, అదే పన్ను ఊడిన నోరు నిలపడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. నా మటుకు పిల్లల పుస్తకంలో వాడను. చిన్న ప్రకటనల పని మాత్రం దానికి పోతోంది, అది అబద్ధం చెప్పను.

ఇలస్ట్రేటర్: పోతోంది. క్లయింట్లు ఏఐ బొమ్మ పంపి "ఇలాగే, కానీ మీ స్టైల్లో" అంటున్నారు. అప్పుడు నేను బొమ్మ పక్కన పెట్టి కథ పంపమంటాను.

సమన్వయకర్త: ఒక ఫోన్ కాల్ ఉంది. కరీంనగర్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే. మా పాప ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఎప్పుడు చూసినా బొమ్మలే. ఇంజనీరింగ్ వద్దంటోంది. ఏం చేయమంటారు?

ఇలస్ట్రేటర్: హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ, అంటే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది కదమ్మా, అక్కడ బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో అప్లైడ్ ఆర్ట్ చూడండి. ప్రవేశ పరీక్ష పేరు ఎఫ్‌ఏడీఈఈ. మెమరీ డ్రాయింగ్, అంటే చూడకుండా గుర్తుంచుకుని గీయడం లాంటివి ప్రాక్టీస్ చేయమనండి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఫైన్ ఆర్ట్స్ ఉంది.

మాస్టారు: చేర్పించండమ్మా. కాలేజీలో నాలుగేళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనిషిని చూసి గీయడం దొరుకుతుంది. బయట ఆ టైమ్ ఎవరూ ఇవ్వరు. ఐప్యాడ్ ఇప్పుడే కొనకండి, కాగితాలు కొనండి.

సంపాదకుడు: నేను పోర్ట్‌ఫోలియో చూసేటప్పుడు దేవుళ్ళు, హీరోల ముఖాలు పక్కన పెట్టేస్తాను. అవి చూసి వేసినవే ఉంటాయి. పాపని ఒక పాత్ర సొంతంగా తయారుచేయమనండి. ఆ పాత్ర నవ్వుతూ, అలిగి, వెనక నుంచి, బస్సెక్కుతూ, జ్వరంతో పడుకుని. ఎన్ని రకాలుగా వేసినా అదే మనిషని నేను గుర్తుపట్టాలి. అది వస్తే నాకు పంపమనండి, డిగ్రీ అయ్యేదాకా ఆగక్కర్లేదు.

మాస్టారు: విన్నావా అమ్మా, డబ్బులు కూడా 45 రోజుల్లో ఇస్తారట.

సంపాదకుడు: టీవీలో చెప్పించేశారు, ఇక తప్పదు. (నవ్వులు)